బదినా

రికార్డింగు మొదలుపెట్టేముందు స్టూడియోలో ఫ్యాను ఆపేస్తారు. లేకపోతే దాని రొద కూడా మైకులోకి ఎక్కేస్తుంది. ఫ్యాను ఆగిన కాసేపటికే రేడియోఅమ్మకి మెడ వెనక చెమట పట్టింది. ఆమె పై పళ్ళ సెట్టు తీసి, ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో వేసి, దానిమీద చేతిరుమాలు కప్పింది. పళ్ళు తీసేస్తే బుగ్గలు లోపలికి పోతాయి. మాట తడితడిగా, జారుడుగా వస్తుంది. ముసలివాళ్ళ పాత్రలకి అది ఆమె సొంతంగా కనిపెట్టుకున్న కిటుకు.

గాజు అద్దం అవతల కూర్చున్న ప్రోగ్రాం ఆఫీసరు వేలు పైకెత్తాడు. ఆమె పక్కన చప్పుళ్ళ మనిషి ఎండుటాకులు కూరిన గోనెసంచిని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా పిసకడం మొదలుపెట్టాడు. రేడియోలో అది చెదలు దూలాన్ని తొలుస్తున్న చప్పుడులా వినిపిస్తుంది.

"నాకేం కాబాలమ్మా," అంది రేడియోఅమ్మ మైకుకి కాస్త పక్కగా వంగి. "ఓ మూల ఇబ్బు, చాలు. ఆ మూలే పడుంటా. తర్బాత ఇల్లంతా మాదే గదా."

అని నవ్వింది. ఆఫీసరు వేలు దించేశాడు. చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే మైకులో అరవకుండా తలుపు తీసుకుని లోపలికొస్తాడు. ఇప్పుడూ అలాగే వచ్చాడు.

"మాట బ్రహ్మాండంగా వచ్చిందమ్మా. నవ్వు దగ్గరే చిన్న ఇబ్బంది. ఎవరింట్లోనో బామ్మ నవ్వినట్టుంది. వింటే జాలేస్తుంది. జాలి వెయ్యకూడదు కదా."

"మరెలా ఉండాలి బాబూ?"

"నవ్వుతున్నది మనిషి అని గుర్తు రాకూడదు. అంతే."

రేడియోఅమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించింది. అతనన్న మాట గురించి కాదు. ఆ నవ్వుని గొంతులో ఎక్కడ పెట్టాలా అని. వదిలే ఊపిరితో అందరూ నవ్వుతారు. పీల్చే ఊపిరితో నవ్వి చూసింది. పొడిగా, గీరుకుపోతున్నట్టుగా, లోపలికి లాక్కున్నట్టుగా వచ్చింది. చప్పుళ్ళ మనిషి చేతులు సంచి మీద ఒక్క క్షణం ఆగిపోయి, మళ్ళీ కదిలాయి.

అద్దం అవతల అందరూ చప్పట్లు కొట్టారు. "మా పిల్ల అన్నం తినకపోతే మీ గొంతే పెడుతున్నామండీ," అన్నాడు రికార్డింగు చేసే అబ్బాయి. "గిన్నె ఖాళీ."

ఆ కార్యక్రమం పేరు 'ఇంటి చెద'. రోజూ సాయంత్రం వార్తలకీ పాటలకీ మధ్య వస్తుంది. మంచి కుటుంబం ఒకటి, ఆ ఇంట్లో పనికి చేరిన చెదల అవ్వ ఒకతె. అవ్వ అద్దరి మనిషి. అద్దరివాళ్ళంటే తాతల కాలంలో ఎప్పుడో ఏటికి అవతలి ఒడ్డునుంచి ఇవతలికి వచ్చి ఉండిపోయినవాళ్ళు. రంగులో, రూపులో, కట్టులో తేడా ఏమీ లేదు. 'వ' అనాల్సినచోట 'బ' అంటారు, అంతే. నిజానికి కాగితం మీద అవ్వ మాటలు మామూలుగానే రాసి ఉండేవి. పాత్రకి ఏదో ఒక గుర్తు ఉండాలని మొదటిరోజు రేడియోఅమ్మే 'వ'లన్నీ 'బ'లు చేసి చదివింది. ఆమెకది కష్టపడి నేర్చుకోవాల్సిన పని కాదు. పక్కవాటాలో ఉండే బొంతలావిడ అలాగే మాట్లాడుతుంది. కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడ "సాయంత్రం బస్తా" అంటే, ఎవరి బస్తాయో ఏమోనని రేడియోఅమ్మ వరండాలో ఓ మూల చోటు సర్ది ఉంచింది. ఆ సంగతి తలుచుకుని ఇద్దరూ ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకునేవాళ్ళు, ఈమధ్యదాకా.

బస్సు దిగి సందులోకి తిరిగేసరికి టీకొట్టు రేడియోలో నిన్నటిది మళ్ళీ వేస్తున్నారు. "బానొస్తే బాకిలి బేయాలి," అంటోంది చెదల అవ్వ. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆ మాట ఆమెతో కలిసి అన్నారు. రేడియోఅమ్మ కాళ్ళు ఈడ్చుకుంటూ వాళ్ళ ముందునుంచే నడిచిపోయింది. ఎవరో "నమస్తే అమ్మా" అంటే తలూపింది. తన గొంతు తనకంటే ముందు ఇంటికి చేరిపోవడం కొత్త కాదు. అలసటగా ఉంది, అంతే.

వరండాలో బొంతలావిడ సూది పట్టుకుని కూర్చుని ఉంది. ముందు పరిచిన బొంత సగంలో ఉంది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి, అంచుకి అంచు కలిపి, ఒకటే కొలత కుట్టుతో పోతుంది ఆవిడ. మామూలుగా అయితే పక్కన ఇంకో నాలుగు మూటలుండాలి. లేవు. ఇచ్చినవాళ్ళే వచ్చి సగం కుట్టినవి కూడా పట్టుకుపోయారు.

రేడియోఅమ్మ మనవరాలు గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. పిల్ల తల్లి ఆస్పత్రిలో నర్సు, పొద్దున్నే వెళ్ళిపోతుంది. పిల్లకి రెండు జడలు వెయ్యడం బొంతలావిడ పని. అలాగని ఎవరూ అనుకోలేదు, అలవాటైపోయింది.

"ఇదేం అవతారం? జడలేవే?"

"నేను వేయించుకోను," అంది పిల్ల. "ఆవిడ ముట్టుకుంటే చెద పడుతుంది."

బొంతలావిడ సూది ఆగలేదు. తల కూడా ఎత్తలేదు.

"నోర్ముయ్. ఏం మాటలవి? ఆ రేడియోలో ముసలి నేనే కదే. నీకు తెలుసు కదా."

"తెలుసు," అంది పిల్ల ఓపిగ్గా, పెద్దవాళ్ళకి అర్థం కానిది చెబుతున్నట్టు. "నువ్వు ఉత్తుత్తి అవ్వవి. ఆవిడ నిజం అవ్వ."

రేడియోఅమ్మ చెయ్యెత్తింది. కొట్టడానికి ఓపిక లేక దించేసింది. పిల్లని లోపలికి లాక్కెళ్ళి తనే దువ్వెన తీసుకుంది. పాపిడి వంకరగా వచ్చింది. బయట కుట్టు పడుతున్న చప్పుడు లేదు. కుట్టుకి చప్పుడుండదని తెలుసు, అయినా చాలాసేపు చెవి అటే పెట్టి కూర్చుంది.

మర్నాడు స్టూడియోలో కొత్త రికార్డింగు లేదు, రెండు మాటలు సరిగా పడలేదని పిలిచారు. పని అయిపోయాక ఆఫీసరు టీ తెప్పించి, స్వయంగా అందించాడు.

"మీరు చేర్చిన ఆ వాన, వాకిలి మాట ఎంత పట్టిందో తెలుసా అమ్మా? బస్టాండు గేట్ల దగ్గర ఇప్పుడు దాన్నే పలకమంటున్నారు. అద్దరివాళ్ళు ఊరు దాటకూడదని ఉత్తర్వొచ్చింది కదా. మొహం చూసి పోల్చుకోలేరు, పేర్లూ మనలాంటివే. ఈ ఒక్క మాటతో తేలిపోతోంది."

రేడియోఅమ్మ టీ కింద పెట్టింది. "తేలినవాళ్ళని ఏం చేస్తారు?"

"ఎవర్ని?"

"తప్పు పలికినవాళ్ళని."

అతను గ్లాసులో టీ తిప్పుతూ ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు. "అది నాకూ తెలీదమ్మా. లారీలో ఎక్కిస్తున్నారని విన్నాను. మన పని రికార్డింగు వరకే కదా." తర్వాత ఇంకా మర్యాదగా అన్నాడు, "వచ్చేవారం నాలుగు భాగాలు ఒకేసారి చేసేద్దాం. మీకు శ్రమ తగ్గుతుంది."

సరేనని తలూపి వచ్చేసింది. ఏదైనా అని ఉండాల్సిందని బస్సులో కూర్చున్నాక అనిపించింది. ఏమని ఉండాలో అప్పుడూ తట్టలేదు. ఈ వయసులో పిలిచి పనిచ్చేదెవరు అన్న మాట మాత్రం అడక్కుండానే తట్టింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బొంతలావిడ వచ్చి గుమ్మం లోపల తలుపు దగ్గరే కూర్చుంది. మామూలుగా వంటింటిదాకా వచ్చే మనిషి.

"బదినా, ఓ మాట అడగనా?"

"అడుగు వదినా."

"రేడియోలో ఆ ముసలిది నేనే గదా."

రేడియోఅమ్మ పప్పు ఏరుతున్న చేట కిందపెట్టింది. జవాబు కోసం బొంతలావిడ ఆగలేదు.

"మొదటిసారి బిన్నప్పుడు నాకు నబ్బొచ్చింది. మా బదిన నన్ను రేడియోలో పెట్టిందనుకున్నా. మా అమ్మాయికి ఫోన్ చేసి బినమని కూడా చెప్పా. తర్బాత కథ బిన్నా."

"రాసింది నేను కాదు వదినా. వాళ్ళు రాసిచ్చింది చదువుతాను."

"నిజమే. కాగితానికి నోరుండదు గదా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రేడియోఅమ్మకి బదులు చెప్పడం తేలికయ్యేది. ఆమె చేటలోంచి ఓ రాయి ఏరి పక్కన పెట్టింది.

"మా అమ్మాయికి నెలలు నిండాయి," అంది బొంతలావిడ. "ఇంటాయన బాటా ఖాళీ చేయమన్నాడు. మంచోడే, కళ్ళలో నీళ్ళు పెట్టుకునే చెప్పాడు. నేను అమ్మాయి దగ్గరికి పోబాలి. గేటు దగ్గర ఆ మాట అడుగుతున్నారంట. బానా, బాకిలీ."

"విన్నాను."

"నుబ్బు గొంతులు మార్చగలబు. ముసలిదానిబౌతాబు, పిల్లబౌతాబు, ఓసారి పిల్లిబి కూడా అయ్యాబు. నాది కూడా మార్చు. బస్సెక్కేదాకా చాలు."

రేడియోఅమ్మ లేచి తలుపు వేసింది. కిటికీ కూడా వేసింది.

అప్పటినుంచి స్టూడియో వాళ్ళు ఫోన్ చేస్తే గొంతు పట్టేసిందని చెప్పింది. అబద్ధమాడానని కూడా అనిపించలేదు. పగలు పిల్ల తల్లి డ్యూటీకి వెళ్ళాక అద్దం ముందు ఇద్దరూ కూర్చునేవారు. 'బ' అంటే పెదవులు మూసుకుంటాయి, 'వ' అంటే మూసుకోకూడదు. చెప్పడానికి అంతే. అరవై ఏళ్ళు మూసుకున్న పెదవులు తెరిచి ఉండమంటే ఉంటాయా. రేడియోఅమ్మ చీపురుపుల్ల కడిగి ఆవిడ పెదవుల మధ్య అడ్డం పెట్టింది. అరచెయ్యి నోటి ముందు పెట్టించి, "ఊపిరి ఆగకుండా తగలాలి" అంది. తన పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి చూపించింది.

"ఇవి నా పళ్ళు కూడా కావు, కొన్న పళ్ళు. అయినా పలకట్లా?"

"నీబి కొన్నబి గాబట్టే చెప్పినట్టు బింటున్నాయి," అంది బొంతలావిడ పుల్ల తీసి. "నాబి పుట్టు పళ్ళు. బాటికి పొగరు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూండగా రేడియోఅమ్మకి స్టూడియోలో తను లోపలికి పీల్చిన నవ్వు గుర్తొచ్చింది. ఎదుటి మనిషి నోరు బార్లా తెరిచి, భుజాలు ఊపుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెదవులూ పళ్ళే కాదు, మనిషిని మొత్తం ఇన్నేళ్ళు చూశాక, కాగితంలో ఉన్న ఆ ముసలిదానికి ఈవిడని ఎలా తొడగగలిగానా అనుకుంది. అనుకుని, "మళ్ళీ చెప్పు. వాన," అంది.

వాన వచ్చింది. వాకిలి వచ్చింది. వెయ్యాలి కాస్త మొరాయించి వచ్చింది. వాక్యం చివర రాగంలా సాగే తీరు కూడా తుంచేసింది రేడియోఅమ్మ. "అంతగా లాగకు. ఎవర్నో పిలుస్తున్నట్టు కాదు, ఎవరూ లేనట్టు మాట్లాడాలి." బొంతలావిడ బుద్ధిగా తలూపి, ఎవరూ లేనట్టు మాట్లాడింది. ప్రతి మాటా బాగుపడిన కొద్దీ ఆవిడ మాట్లాడటం తగ్గింది. పొద్దున్న కూరలబండి ఆగితే వేలితో చూపించి తెచ్చుకుంది.

ఒక్క మాట దగ్గర మాత్రం ఎన్నిసార్లు చెప్పినా దారికి రాలేదు. వదినా అనమంటే బదినా అనే వచ్చేది. అనే ముందు ఆగి, పళ్ళు పెదవి మీద పెట్టి, ఊపిరి తీసుకుని మరీ బదినా అనేది.

"పోనీ ఆ మాట వదిలెయ్. అక్కా అని పిలువు," అంది రేడియోఅమ్మ విసిగిపోయి.

"అక్కలు నాకు బేరే ఉన్నారు."

ఆ రోజు మనవరాలు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు విన్నది. బొంతలావిడ "వానొస్తే వాకిలి వెయ్యాలి" అని తప్పులేకుండా అనగానే రెండడుగులు లోపలికొచ్చింది.

"ఈవిడకి నయమైపోయిందా అమ్మమ్మా?"

పిల్ల దువ్వెన తెచ్చుకుని బొంతలావిడ ముందు వీపు పెట్టి కూర్చుంది. బొంతలావిడ జడలు వేసింది. పాపిడి తాడు పట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. ఎప్పుడూ జడ వేస్తూ ఏదో ఒక కథ చెప్పే మనిషి, ఆ రోజు నోరు తెరిస్తే ఏం జారుతుందోనని పెదవులు బిగించి వేసింది.

బయల్దేరిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. బొంతలావిడ ఒక్క సంచీ తీసుకుంది. వాటా తాళం రేడియోఅమ్మ చేతికిచ్చి, ఇంటాయనకి ఇచ్చెయ్యమంది. పెళ్ళివారింటికి వెళ్తున్నట్టు మామూలుగా నడవమని రేడియోఅమ్మ చెప్పింది గానీ, నడక సంగతి తనకే సరిగా కుదరలేదు.

బస్టాండు గేటు దగ్గర ఇనుప కమ్మీలు అడ్డం పెట్టి ఒక్కొక్కర్నీ లోపలికి వదులుతున్నారు. చేతికి పసుపు పట్టీలు కట్టుకున్న వాలంటీర్లు, కాలేజీ పిల్లల్లా ఉన్నారు. గోడ పక్కన ఎండలో ముగ్గురు నేలమీద కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన, ఒక మధ్యవయసు ఆవిడ, చొక్కా భుజం దగ్గర చిరిగిన ఒకతను. వాళ్ళకి అటూ ఇటూ చాలా జాగా ఖాళీగా ఉంది. జనం అక్కడినుంచి దూరంగా, ఒకరినొకరు ఒరుసుకుంటూ పోతున్నారు. పైన మైకులో బస్సుల ప్రకటనలు, వాటి మధ్య 'ఇంటి చెద'. అద్దాల గదిలో కూర్చుని ప్రకటనలు చెప్పే ఆయన ఒకప్పుడు రేడియో నాటకాల్లో రేడియోఅమ్మకి తమ్ముడుగా వేసినవాడు. ఆమె అటు చూడకుండా పైట నెత్తిమీదికి లాక్కుంది.

సాగనంపడానికి వచ్చినవాళ్ళు కమ్మీల ఇవతలే ఆగాలి. బొంతలావిడ వంతు వచ్చింది.

"చెప్పండి అమ్మా," అంది పట్టీ కట్టుకున్న అమ్మాయి, రోజంతా అదే మాట అనీ అనీ అలిసిపోయిన గొంతుతో.

"వానొస్తే వాకిలి వెయ్యాలి."

వార్తలు చదివినట్టు వచ్చింది. అమ్మాయి చెయ్యి ఊపింది. బొంతలావిడ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, కమ్మీల మీదుగా చూసింది.

"వెళ్ళొస్తాను వదినా."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. రాగం లేదు, సాగతీత లేదు. ఎన్నిసార్లు చెప్పినా పలకని మాట అంత నున్నగా, ఎవరో దారినపోయే మనిషి ఇంకెవర్నో పిలిచినట్టు వచ్చింది. రేడియోఅమ్మ కమ్మీల మీదికి వంగింది. తనేం అంటోందో తెలిసేలోపలే నోరు అనేసింది.

"జాగ్రత్త బదినా."

పట్టీ కట్టుకున్న అమ్మాయి తలెత్తింది. "ఏమన్నారు?"

చుట్టుపక్కల నాలుగు తలలు తిరిగాయి. అమ్మాయి రేడియోఅమ్మని చూసి, తర్వాత లోపలికి వెళ్ళినవాళ్ళకేసి చూసింది. "ఎవర్నన్నారు బదినా అని? లోపల ఎవరున్నారు?" పక్కనున్న పట్టీ కుర్రాడు ఆ మాటకి బస్సులవైపు కదలబోయాడు. బొంతలావిడ అప్పటికే ముందున్న బస్సెక్కేసింది, ఇంజను మోగుతోంది గానీ బస్సు కదల్లేదు.

పొరపాటున అన్నానంటే, ఎవరిని చూసి పొరపడ్డావంటారు. రేడియో మనిషినంటే నవ్వేస్తారు, నవ్వి, లోపలున్న వదిన ఎవరో చూస్తారు. ఇవన్నీ ఆమె వరసగా ఆలోచించలేదు. కుర్రాడి కాలు బస్సులవైపు పడటం ఒక్కటే చూసింది.

"లోపల ఎబరూ లేరు," అంది. "నాకు ఎబరూ లేరు బాబూ. నేనే పోదామని బచ్చా. బదలండి, బెళ్ళనిబ్బండి."

కుర్రాడు ఆగిపోయాడు.

"ఆ మాట చెప్పు," అన్నాడు దగ్గరికొచ్చి. మీరు కాస్తా నువ్వైంది.

"బానొస్తే బాకిలి బేయాలి."

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. ఒకావిడ చంకలో పిల్లాడి మొహం తన భుజానికి అదుముకుంది. "అచ్చం రేడియోలో ఉన్నట్టే ఉంది," అన్నారెవరో. పసుపు పట్టీలు నాలుగూ ఆమె చుట్టూ చేరాయి. ఆమె కమ్మీని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. "బెళ్ళనిబ్బండి" అని గోల పెట్టింది. ఎంత గోల కావాలో ఆమెకి తెలుసు, జీవితమంతా చేసిన పని. బస్సు గేటు దాటి, మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా చేసి, అప్పుడు కమ్మీ వదిలేసింది.

భుజం పట్టి తీసుకెళ్ళి గోడ పక్కన కూర్చోబెట్టారు. ఎవరో వెనకనుంచి ఉమ్మేశారు. అది చెప్పు పక్కన పడింది. నేల పెనంలా కాలుతోంది. ముసలాయన చూడలేదు. మధ్యవయసు ఆవిడ మాత్రం కాస్త జరిగి చోటిచ్చి, తన పైటకొంగు విప్పి, సగం రేడియోఅమ్మ నెత్తిమీద నీడగా పట్టింది.

"ఏ బీధి?" అని అడిగింది నెమ్మదిగా.

రేడియోఅమ్మ నోరు తెరిచింది. గేటు దగ్గర గంపెడు వచ్చిన మాటలు, అసలు మనిషి పక్కన కూర్చుని అడిగేసరికి ఒక్కటీ రాలేదు. ఏం పలికినా దొంగదని ఈవిడ ఇట్టే పసిగడుతుంది. భయంతో నోరు పడిపోయిందనుకుందేమో, ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని నిమిరింది.

"భయపడకు. అందరం ఉన్నాం గదా," అంది.

అలా ఎంతసేపు కూర్చున్నారో. నాలుక అంగిలికి అతుక్కుపోతోంది. అద్దాల గది తలుపు తెరుచుకుని ప్రకటనలాయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఆ గోల విన్నప్పుడే అనుకున్నా. అరగంటకోసారి నా మైకులో మోగే గొంతు నాకు తెలీకపోవడమేంటి," అన్నాడు వాలంటీర్లతో. "ఈవిడెవరనుకున్నారు? చెదల అవ్వ. రేడియోలో చెదల అవ్వ ఈవిడే. లేవండక్కా, లేవండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పట్టీ కట్టుకున్న అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కుర్రాడు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మమ్మల్ని పరీక్ష చేశారన్నమాట," అన్నాడు, తప్పించుకున్నానన్న ఆనందంతో. ఎవరో కుర్చీ తెచ్చారు. దూరంగా ఒరుసుకుపోయిన జనమే ఇప్పుడు దగ్గరికొచ్చి మూగారు. పిల్లాడి మొహం దాచుకున్నావిడ వాణ్ణి ఎత్తి చూపించింది, "అదుగో, అవ్వ."

నెత్తిమీద నీడ లేదని రేడియోఅమ్మకి అప్పుడు తెలిసింది. పక్కనున్నావిడ కొంగు తీసేసుకుంది. చెయ్యి కూడా వదిలేసింది. తిట్టలేదు. ఆ చేతిని తన చీర కుచ్చిళ్ళకి అదేపనిగా తుడుచుకుంటోంది.

రేడియోఅమ్మని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఒక్కసారి అవ్వ మాట చెప్పండమ్మా," అన్నారెవరో.

"ముందు ఆ నవ్వు," అన్నారు ఇంకొకరు.

ఆమె గోడవైపు చూసింది. ముసలాయన పెదవులు పగిలి, మూలల్లో తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"కాసిని నీళ్ళిబ్బండి," అంది. "బాళ్ళకి."

అలా అనాలనుకోలేదు. నోట్లోకి అదే వచ్చింది. జనం ఘొల్లుమన్నారు. చప్పట్లు కొట్టారు. ప్రకటనలాయన గర్వంగా అందరికేసీ చూశాడు.

ఆమె గొంతు సవరించుకుంది. అక్షరం అక్షరం తన సొంత మాటలో, పెదవులు కలవకుండా చూసుకుంటూ చెప్పింది. "నేను నిజంగానే అడుగుతున్నాను. వాళ్ళకి నీళ్ళివ్వండి. పొద్దున్నుంచీ ఎండలో ఉన్నారు."

"చూశారా ఎలా మార్చేసిందో," అన్నాడు కుర్రాడు. "ఒక్క క్షణంలో మామూలు మనిషైపోయింది." చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

రేడియోఅమ్మ ఇంకోసారి అడగలేదు. కుర్చీ చేతుల మీద బరువుపెట్టి లేచింది. దారి ఇస్తూ జనం నవ్వుతూనే ఉన్నారు. గోడదాకా నడిచి, ముసలాయనకీ ఆవిడకీ మధ్య ఉన్న ఖాళీలో, కాలుతున్న నేలమీద కూర్చుంది. ఆవిడ పక్కకి తిరిగి కూర్చుంది. జరిగి చోటివ్వలేదు, పొమ్మని కూడా అనలేదు.

ఇది కూడా ఆటలో భాగమే అనుకుని జనం కాసేపు చూశారు. తర్వాతేం చేస్తుందా అని ఎదురుచూశారు. ఆమె ఏమీ చెయ్యలేదు. ముందువరసలో వాళ్ళ నవ్వు ముందు ఆగింది, వెనకవాళ్ళది కాసేపటికి ఆగింది. పట్టీ కట్టుకున్న అమ్మాయి ప్రకటనలాయన మొహంలోకి చూసింది.

"అక్కా, లేవండి," అన్నాడాయన వంగి, గొంతు బాగా తగ్గించి. "ఎండలో ఏంటిది. అందరూ చూస్తున్నారు. లారీ వచ్చే వేళైంది, లేవండి."

ఆమె లేవలేదు.